కరగని వెన్న: మీ క్రోసాంట్ కిట్‌పై ఫిర్యాదు

తిరుపతి,
జూన్ 9.

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: 'క్రోసాంట్ బటర్ షీట్' పేరుతో మీరు పంపిన సరుకు వెన్న కాకపోవడం, దానికి కోల్డ్ డెలివరీ ఛార్జీ తీసుకోవడం, మీ కస్టమర్ కేర్ వాళ్ళు చెప్పిన సమాధానం గురించి.

నమస్కారం.

మే నెలలో మీ వెబ్‌సైట్‌లో క్రోసాంట్ కిట్, అంటే పొరలు పొరలుగా విచ్చుకునే ఆ ఫ్రెంచ్ రొట్టెను ఇంట్లో చేసుకునే సరంజామా, ఆర్డర్ చేశాను. పిండి మధ్య పెట్టి మడిచే అరకిలో బటర్ షీటు, ఈస్టు పొట్లం, తయారీ విధానం అచ్చేసిన కార్డు వచ్చాయి. షీటుకు 690 రూపాయలు, మిగతావాటికి 200, వీటిమీద కోల్డ్ డెలివరీకని ఇంకో 180 తీసుకున్నారు. బిల్లు జత చేశాను, ఆర్డర్ నంబరు అందులోనే ఉంది. ఈస్టు బాగానే పనిచేసింది, దాని గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. గొడవంతా ఆ షీటుతోనే.

మీ పేజీలో ఆ షీటు పక్కన ఆవు బొమ్మ ఉంది, కవ్వం బొమ్మ ఉంది, 'ఫ్రెంచ్ స్టైల్ బటర్' అని పెద్దక్షరాలున్నాయి. దేంతో తయారుచేశారో చెప్పే జాబితా మాత్రం లేదు. పాండిచ్చేరి వెళ్ళినప్పుడు మా పిల్లలు తిన్న క్రోసాంట్ ఇంట్లో చేసి పెడదామని నేను ఆ కిట్ కొన్నాను. తిరుపతిలో కేకు, పఫ్ దొరకని వీధి లేదు గానీ మంచి క్రోసాంట్ కోసం వెతుక్కోవాలి.

పార్సిల్ వచ్చిన రోజు ఇక్కడ ఎండ 41 దాటింది. బైరాగిపట్టెడలో మా గేటు దగ్గరికి డెలివరీ అబ్బాయి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. థర్మోకోల్ పెట్టె తెరిచి చూస్తే జెల్ ప్యాకులు రెండూ గోరువెచ్చగా తగిలాయి. ఇంకేముంది, వెన్నంతా కారిపోయి ఉంటుందని టెన్షన్ పడుతూ కవరు విప్పాను. షీటు చెక్కు చెదరలేదు. అంచులు కూడా మెత్తబడలేదు. వేలితో నొక్కితే కాస్త సాగింది, అంతే.

పాల వెన్న సంగతి ఈ జిల్లాల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పుంగనూరు ఆవు పుట్టిన నేల ఇది. వెన్న ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు గట్టిగా ఉంటుంది, 20 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది, 32 నుంచి 35 మధ్య పూర్తిగా కరిగిపోతుంది. మనిషి ఒంటి వేడి 37. వెన్నతో చేసిన క్రోసాంట్ నోట్లో పెట్టుకుంటే కమ్మగా కరిగిపోవడానికి కారణం అదే. పొరల కోసం బేకరీలకు అమ్మే మార్గరిన్‌ను, అంటే నూనెలతో వెన్నలా చేసే కొవ్వును మాత్రం వేడి గదిలో కూడా చెదరకుండా, ఇంకా ఎక్కువ వేడికి గానీ కరగకుండా తయారుచేస్తారు. పని సులువు అవుతుంది. తిన్నాక నోట్లో కరగదు.

సరిగ్గా అదే జరిగింది. మీ కార్డులో ఉన్నట్టే అంతా చేశాను. పొరలు చూడ్డానికి బాగానే వచ్చాయి, కాదనను. కోస్తే లోపల గూళ్ళు గూళ్ళుగా విచ్చుకున్నాయి. ఫోటో తీసి చుట్టాలకు పంపాను కూడా. తిన్నాక అసలు సంగతి తెలిసింది. అంగిలికి జిడ్డు పొర అంటుకుని, వేడి కాఫీ తాగితే గానీ వదల్లేదు. వెన్న వాసన లేదు, మిఠాయిలో వేసే సెంటు వాసన వచ్చింది. మా చిన్నవాడు సగం తిని పక్కన పెట్టేశాడు. వాడు తిండి వదిలిపెట్టే రకం కాదు.

మా అత్తగారిది పలమనేరు వైపు పల్లె, పాడి ఉన్న ఇంట్లో పెరిగారు. మిగిలిన షీటులో ఒక ముక్క కోసి గిన్నెలో వేసి సన్నసెగ మీద పెట్టారు. వెన్న కాగేటప్పుడు ముందు చిటపటలాడుతుంది, నురుగు కడుతుంది, నురుగు అణిగాక ఇల్లంతా కమ్మటి వాసన వస్తుంది, అడుగున గోధుమరంగు మడ్డి మిగులుతుంది. ఆ మడ్డి వెన్నలో మిగిలిన పాల పదార్థం. అలవాటు కొద్దీ ఆవిడ నేతిలో వేయడానికి నాలుగు రెబ్బల మునగాకు కూడా కడిగి పక్కన పెట్టుకున్నారు. మీ షీటు కరిగి, కాసేపు చిటపటలాడి, పసుపుపచ్చ నూనె అయి కూర్చుంది. మడ్డి లేదు, వాసన లేదు. 'ఇది వెన్న కాదమ్మా, ఇంకేందో ఉండాది' అని ఆవిడ పొయ్యి ఆపేశారు. మునగాకు పప్పులోకి పోయింది.

అప్పుడు కవరు మళ్ళీ తీసి చూశాను. వెనక మీ లోగో ఉన్న స్టిక్కరు అంచున, కింద ఇంకేవో అక్షరాలు కనబడ్డాయి. తడిపి ఒలిస్తే అసలు తయారీదారు అచ్చేసిన జాబితా బయటపడింది. పామ్ నూనె, ఇతర వనస్పతి నూనెలు, నీరు, ఉప్పు, ఎమల్సిఫయర్లు (నూనె, నీరు విడిపోకుండా కలిపి ఉంచేవి), రంగు, బటర్ ఫ్లేవర్. పాలు అన్న మాట అందులో ఎక్కడా లేదు. ఒలవక ముందు, ఒలిచాక తీసిన ఫోటోలు రెండూ పంపుతున్నాను. ఆ స్టిక్కరును సరిగ్గా ఆ చోటే ఎందుకు అంటించారో మీరు రాతపూర్వకంగా చెప్పాలి.

ఫోన్ చేస్తే మీ కస్టమర్ కేర్ అబ్బాయి చాలా మర్యాదగా మాట్లాడాడు. 'మేడమ్, మీ తిరుపతిలో ఎండలు ఎక్కువ కదా, బటర్ కరిగిపోయి ఉంటుంది, అందుకే టేస్ట్ మారింది' అన్నాడు. బాబూ, కరగలేదనే కదా నేను ఫోన్ చేసింది అన్నాను. 'కిచెన్ టెంపరేచర్ 20 డిగ్రీల లోపు పెట్టుకోండి మేడమ్' అన్నాడు. తర్వాత వచ్చిన మెయిల్‌లోనూ అదే ముక్క, కింద ఇంకో కిట్ మీద పది శాతం డిస్కౌంట్ కూపన్. ఆ అబ్బాయి తప్పేమీ లేదు, ఎదురుగా స్క్రీన్ మీద ఏం రాసి ఇస్తే అది చదివాడు. రాసి ఇచ్చిన వాళ్ళ కోసమే ఈ ఉత్తరం.

మీరు మార్గరిన్ అమ్మడం నాకు అభ్యంతరం కాదు. సాయంత్రం టీతో మేం తినే ఎగ్ పఫ్ చాలాచోట్ల దానితోనే చేస్తారు. ఆ పఫ్ పాతికో ముప్పయ్యో పెట్టి కొంటాం, సంతోషంగా తింటాం, అది వెన్నతో చేశామని బేకరీ అతను ఎప్పుడూ చెప్పలేదు. క్రోసాంట్‌కు పేరు తెచ్చిన ఫ్రాన్సులో కూడా రెండు రకాలూ అమ్ముతారు. వెన్నవి వెన్నవని చెప్పి, ధర కొంచెం ఎక్కువ పెట్టి అమ్ముతారు. కొనేవాడికి ఏది ఏదో తెలుస్తుంది. మీరు మార్గరిన్‌ను వెన్న పేరుతో అమ్మి, వెన్న ధర కంటే కూడా ఎక్కువ తీసుకున్నారు. గాంధీ రోడ్డులో ఉప్పులేని మంచి వెన్న అరకిలో నాకు మీ షీటు కంటే తక్కువకే దొరికింది. పైగా చల్లదనం అక్కర్లేని సరుకుకు చల్లదనం ఛార్జీ ఒకటి!

ఇక మీ కార్డు. డబ్బు పోతే పోయింది, ఆ కార్డు చేసిన నష్టం వేరే ఉంది. చుట్టిన క్రోసాంట్లను పొంగడానికి '38 డిగ్రీల వెచ్చటి చోట' పెట్టమని అందులో ఉంది. మీ షీటుకు అది సరిపోతుంది, ఆ వేడికి అది కరగదు కాబట్టి. నేను బజారు వెన్న తెచ్చి, మీ కార్డు ప్రకారమే మళ్ళీ చేస్తే ట్రేలో వెన్న మడుగు కట్టింది. పొరలన్నీ కలిసిపోయి, నూనెలో వేగిన బన్నుల్లాగా తయారయ్యాయి. పావుకిలో వెన్న, అరకిలో మైదా, ఒక ఆదివారం అలా పోయాయి. మీ కార్డు నమ్మి అసలు వెన్నతో చేసిన ప్రతివాళ్ళూ తమ చేతికే పని రాదనుకుంటారు.

తిరుపతిలో వెన్నతో క్రోసాంట్ చేయడం కష్టమే గానీ కుదరని పని కాదు. కార్డు తిరిగి అచ్చేసేటప్పుడు పనికొస్తుందని నేను చేసే పద్ధతి రాస్తున్నాను. పిండి ముందురోజు రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెడతాను. పొద్దున్నే ఎండెక్కక ముందు, వంటింట్లో కాకుండా ఏసీ వేసిన పడగ్గదిలో బల్ల మీద పని మొదలుపెడతాను. వెన్నను రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి అప్పడాల కర్రతో కొట్టి పలక చేస్తాను. వంచితే విరగకూడదు, వేలికి అంటుకోకూడదు. సుమారు 13 నుంచి 15 డిగ్రీల దగ్గర అలా ఉంటుంది. అంతకంటే గట్టిగా ఉంటే పిండి లోపల ముక్కలవుతుంది, మెత్తబడితే పిండిలో కలిసిపోతుంది. మూడు మడతల చొప్పున మూడుసార్లు, మధ్యమధ్య ఫ్రిజ్‌లో పెట్టి విశ్రాంతి ఇస్తూ మడిస్తే వెన్న పొరలు 27 అవుతాయి. త్రికోణాలుగా కోసి చుట్టాక అదే ఏసీ గదిలో 25 డిగ్రీలకు దగ్గర్లో రెండు మూడు గంటలు ఉంచాలి. ఆలస్యమైనా పర్వాలేదు, వేడి మాత్రం ఎక్కకూడదు. అప్పుడు బాగా వేడెక్కిన ఓటీజీలో (కరెంటు ఓవెన్‌లో) పెడితే వెన్నలోని నీరు, పిండిలోని నీరు ఆవిరై పొరలను పైకి లేపుతాయి. కరెంటు పోతే ఆ రోజుకు పరోటాలే.

ఇప్పుడు చట్టం సంగతి. మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రమాణాల ప్రకారం బటర్ అని అమ్మేదాంట్లో కనీసం 80 శాతం పాల కొవ్వు ఉండాలి. పాలు లేని సరుకుకు పాల పదార్థాల పేర్లు వాడకూడదు. వెన్నకూ నేతికీ నకిలీల బెడద మన దేశంలో ఎంత పాతదంటే, నేతిలో కలిపితే పరీక్షలో దొరికిపోయేలా వనస్పతిలో నువ్వుల నూనె కలపాలని నియమం పెట్టాల్సి వచ్చింది. ప్యాకెట్ మీద ఉండాల్సిన వివరాలను కొనేముందే పేజీలో చూపించే బాధ్యత ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళకు ఉంది. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. కూపన్ పంపడం పరిష్కారం కిందికి రాదు.

నేను అడిగేది ఇది. షీటు, కోల్డ్ డెలివరీ డబ్బులు 870 రూపాయలు పూర్తిగా వెనక్కి ఇవ్వాలి, కూపన్ రూపంలో వద్దు. పేజీలో ఆవును, కవ్వాన్ని, 'బటర్' అన్న మాటను తీసేసి, అది మార్గరిన్ అని, దేంతో చేశారో అందరికీ కనబడేలా రాయాలి. ఇప్పటిదాకా ఆ షీటు కొన్నవాళ్ళందరికీ అది పాల వెన్న కాదని, కార్డులో ఉన్న వేడి అసలు వెన్నకు పనికిరాదని మెసేజ్ పంపాలి. నా డబ్బులు కాస్త ఆలస్యమైనా ఆగుతాను గానీ ఆ మెసేజ్ విషయంలో ఆగను. ఎవరో ఒకరు ఆ షీటుతో చేసిన క్రోసాంట్లను 'వెన్నవే' అని చెప్పి ఇంకొకరికి పెట్టి ఉంటారు, నేనూ పక్కింటివాళ్ళకు అలాగే చెప్పి పెట్టాను.

రెండు వారాల్లో మీ నుంచి సరైన జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక కొనుక్కున్నవాళ్ళు తాము ఉండే చోటే కేసు వేయవచ్చు, మీ ఆఫీసు ఉన్న ఊరికి నేను రానక్కర్లేదు. అయిదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు, వకీలును పెట్టుకోవాలన్న నియమమూ లేదు.

మిగిలిన షీటు, ఒలిచిన స్టిక్కరు, మీ కార్డు, థర్మోకోల్ పెట్టె అన్నీ నా దగ్గరే ఉన్నాయి. ల్యాబ్ పరీక్షకు శాంపిల్ కావాలంటే మీ మనిషిని పంపండి, నా ఎదురుగా సీలు వేసి, రసీదు ఇచ్చి తీసుకెళ్ళాలి. ఉదయం పదిలోపు కాకుండా ఎప్పుడైనా రావచ్చు, ఆ టైములో నేను ఏసీ గదిలో పిండి మడుస్తూ ఉంటాను.

ఇట్లు,
మీ కస్టమర్,
బైరాగిపట్టెడ, తిరుపతి.

జత చేసినవి: బిల్లు, కవరు ఫోటోలు, కార్డు కాపీ, మీ కస్టమర్ కేర్ మెయిల్.