‘హోస్టింగ్ ఫ్రీ’ అనడం మానుకుందాం

సంపాదకులకు,

నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా వెబ్‌సైట్ చేసిపెడతామనే కరపత్రాల్లో తరచూ కనిపించే మాట ‘డొమైన్, ఏడాది హోస్టింగ్ ఫ్రీ’. సొంతంగా ఈ పని చేసుకుంటున్న మా డిజైనర్లు ఈ ఒక్క మాట మానుకుంటే చాలామందికి అగచాట్లు తప్పుతాయి. డొమైన్ అంటే సైటు చిరునామా, దానికి ఏటా డబ్బు కట్టాలి. హోస్టింగ్ అంటే సైటును ఉంచే సర్వర్‌లో చోటు, దానికి వేరుగా కట్టాలి. సైటును కనిపెట్టుకుని ఉండడం మనిషి పని, దానికి నెలనెలా గంటలు పోతాయి. మూడింటినీ కలిపి ఊరికే ఇస్తే రెండో ఏడాది బిల్లు చూసి యజమాని ‘నిరుడు ఫ్రీ అన్నారు కదా’ అంటారు. డిజైనర్ మొహమాటపడి మళ్లీ అడగడు. ఈలోగా గడువు దాటిపోతుంది.

ముందు తేల్చుకోవాల్సింది డొమైన్ ఎవరి పేరున ఉందన్నది. పని తొందరగా అవుతుందని డిజైనర్ తన ఖాతాలో, తన మెయిల్, తన ఫోన్ నంబరుతో కొనేస్తుంటాడు. డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ నిబంధనల ప్రకారం డాట్ కామ్ లాంటి పేర్లకు గడువుకు సుమారు నెల ముందొకటి, వారం ముందొకటి, దాటిన ఐదు రోజుల్లోపు ఇంకొకటి రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మే కంపెనీ) నోటీసు పంపాలి. అవన్నీ వెళ్లేది రిజిస్ట్రేషన్‌లో రాసిన మెయిల్‌కే. డిజైనర్ బెంగళూరులో ఉద్యోగంలో చేరి ఆ మెయిల్ చూడడం మానేస్తే యజమానికి కబురే ఉండదు. యజమాని పేరున కొన్నా ఇంకో పొరపాటు జరుగుతుంది. అదే డొమైన్ మీద ఉన్న ఆఫీసు మెయిల్‌ను రిజిస్ట్రేషన్‌లో రాస్తారు. డొమైన్ ఆగిన రోజే ఆ మెయిలూ ఆగుతుంది. చివరి నోటీసు చేరదు, పాస్‌వర్డ్ మార్చుకునే లింకూ రాదు. అందుకని రిజిస్ట్రార్ ఖాతా యజమాని పేరున, ఆయన ఫోన్ నంబరుతో, విడిగా ఒక జీమెయిల్‌తో తెరవాలి. డాట్ కామ్‌ను ఒకేసారి పదేళ్ల వరకు తీసుకోవచ్చు. కనీసం రెండు మూడేళ్లకు కట్టిస్తే మంచిది.

గడువు దాటిన డాట్ కామ్ వెంటనే చేయి దాటిపోదు. రిజిస్ట్రార్‌ను బట్టి కొన్ని రోజులు మామూలు ధరకే రిన్యువల్ చేస్తారు, అది 45 రోజులకు మించదు. ఆ తర్వాత 30 రోజుల రిడెంప్షన్‌లో (పేరును విడిపించుకునే గడువులో) అదనపు రుసుము బాగా పడుతుంది. ఆపైన ఐదు రోజులకు పేరు రద్దవుతుంది, ఎవరైనా కొనుక్కోవచ్చు. కొందరు రిజిస్ట్రార్లు అంతకుముందే వేలానికి పెట్టేస్తారు కాబట్టి ఈ రోజుల లెక్కను నమ్ముకుని కూర్చోకూడదు.

చీమకుర్తి గ్రానైట్ ఎగుమతిదారుకు సైటు ఒకపూట తెరుచుకోకపోతే వచ్చే నష్టం తక్కువే. కొనేవాళ్ల ఆర్డర్లు, షిప్పింగ్ కాగితాలు వచ్చే మెయిల్ ఆగితే మాత్రం సరుకే ఆగుతుంది. అయినా మనలో చాలామంది మెయిల్‌ను సైటున్న చవక హోస్టింగ్‌లోనే పెడుతున్నారు. అక్కడ ఒకే ఐపీ అడ్రస్‌ను (సర్వర్ నంబరును) ఎన్నో సైట్లు పంచుకుంటాయి. వాటిలో ఒకటి హ్యాకై స్పామ్ పంపితే మిగతావాళ్ల మెయిళ్లు కూడా స్పామ్ ఫోల్డర్‌లో పడతాయి. సైటు నకలు తీసే బ్యాకప్ ప్లగిన్ (సైటుకు తగిలించే చిన్న ప్రోగ్రాం) జిప్ ఫైళ్లను సైటు ఫోల్డర్‌లోనే పేర్చుకుంటూ పోతే ఒకనాటికి డిస్క్ నిండి, వచ్చే మెయిళ్లు తిరుగుటపా కడతాయి. ఖర్చు కాస్త ఎక్కువైనా మెయిల్‌ను విడిగా మెయిల్ సేవ ఇచ్చే కంపెనీలో పెట్టించాలని నా గట్టి అభిప్రాయం. అలా పెట్టినప్పుడు ఆ డొమైన్ పేరున ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డు డొమైన్‌కు ఒక్కటే ఉండాలి. పాతది తీయకుండా కొత్తది చేరిస్తే రెండూ చెల్లవు.

హేచరీల సైట్లలో రొయ్యపిల్ల బుకింగ్ ఫారాలు నింపినా మెయిల్ రాకపోవడానికీ కారణం ఇలాంటిదే. ఫారం నింపిన రైతు మెయిల్‌నే ‘ఫ్రమ్’లో పెట్టి పంపిస్తే, అది నకిలీ అనుకుని అవతలి సర్వర్ తోసేస్తుంది. ‘ఫ్రమ్’లో సైటు సొంత మెయిల్, ‘రిప్లై టు’లో రైతు మెయిల్ ఉండాలి. పంపడం ఎస్‌ఎమ్‌టీపీ ద్వారా, అంటే ఆ మెయిల్ ఖాతాలోకి లాగిన్ అయి, జరగాలి.

హోస్టింగ్‌ను మనమే ఇవ్వదలిస్తే రీసెల్లర్ ఖాతా (కొని తిరిగి అమ్ముకునే ఖాతా) తీసుకుని, ఒక్కో సైటుకు ఒక్కో సీప్యానెల్ (హోస్టింగ్‌ను నడుపుకునే ప్యానెల్) ఇవ్వాలి. పది సైట్లను ఒకే సీప్యానెల్‌లో కుక్కితే, ఒకదాంట్లో పాతబడిన ప్లగిన్ నుంచి దూరిన వైరస్ పదింటికీ పాకుతుంది. ధర చెప్పేటప్పుడు కంపెనీ చూపే మొదటి ఏడాది ధరను కాకుండా రిన్యువల్ ధరను లెక్కవేయాలి. దానిమీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటక, జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోని డిజైనర్‌కు ఆ పన్ను వెనక్కి రాదు, తన బిల్లులో జీఎస్టీ వేసే అధికారమూ లేదు. కాబట్టి అది ఖర్చులో కలిసిపోవాల్సిందే. ‘ఎప్పుడూ ఆగదు’ అని మాటివ్వొద్దు. సైటు నడిచే సమయం అని కంపెనీ చెప్పే 99.9 శాతమంటేనే నెలకు 43 నిమిషాలు ఆగవచ్చని అర్థం.

సపోర్ట్‌కు ఒక పేజీ ఒప్పందం చాలు. నెలకు రెండు గంటలని రాసుకుంటే అందులో అప్‌డేట్లు, బ్యాకప్, సర్టిఫికెట్ (సైటు సురక్షితమని బ్రౌజర్‌కు చూపేది) చూడడం, ఫోన్ నంబరు, ఫొటో లాంటి చిన్న మార్పులు సరిపోతాయి. కొత్త పేజీకి విడిగా డబ్బు. ఫోన్ ఏ వేళల్లో ఎత్తుతారో, ఎన్ని గంటల్లో పని మొదలుపెడతారో కూడా రాయాలి. కౌంటును (కిలోకు ఎన్ని రొయ్యలన్నదాన్ని) బట్టి రోజూ మారే రొయ్యల ధరలను డిజైనర్ చేత మార్పించుకోకూడదు. సైటులో ధరలుండే పెట్టెను యజమానే ఫోన్లోంచి మార్చుకునేలా మొదట్లోనే కట్టివ్వాలి.

వర్డ్‌ప్రెస్ (సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్) సైటు అయితే అప్‌డేట్‌కు ముందు డేటాబేస్‌ను, డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డర్‌ను (ఫొటోలు, థీమ్‌లు, ప్లగిన్లు ఉండేది) కాపీ తీసి సర్వర్‌కు బయట పెట్టాలి. ప్లగిన్లను ఒక్కొక్కటిగా మార్చి, ప్రతిసారీ ఫారం నింపి చూడాలి. అన్నీ ఒకేసారి నొక్కితే తెల్లతెర వచ్చినప్పుడు దోషి ఎవరో తెలియదు. వర్డ్‌ప్రెస్ నడిచే భాష పీహెచ్‌పీలో 7.4 వెర్షన్‌కు మద్దతు 2022 నవంబరులోనే ముగిసినా, పాత థీమ్ చెడుతుందని దానిమీదే లాక్కొస్తున్న సైట్లున్నాయి. థీమ్ మార్చక తప్పదని యజమానికి ఖర్చుతో సహా చెప్పడం మన బాధ్యత. మూడు నెలలకోసారి బ్యాకప్‌ను వేరే చోట తెరిచి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్‌ను లెక్కలో వేసుకోకూడదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఊరికే ఇచ్చే 90 రోజుల సర్టిఫికెట్లు వాటంతటవే రిన్యువల్ అవుతాయి గానీ, డీఎన్‌ఎస్ (డొమైన్ ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే రికార్డులు) మార్చాక అది తప్పవచ్చు. గడువు గుర్తుచేసే మెయిళ్లను ఆ సంస్థ 2025 జూన్‌లో ఆపేసింది కనుక మనమే చూసుకోవాలి.

యజమాని ఇంకొకరి దగ్గరకు వెళ్తానంటే బాకీ తేలాక మర్యాదగా అప్పగించాలి. సైటులో అడ్మినిస్ట్రేటర్ ఖాతా, సీప్యానెల్, తాజా బ్యాకప్, డీఎన్‌ఎస్ రికార్డుల పూర్తి జాబితా ఇవ్వాలి. ఆ జాబితా లేకుండా కొత్తవాళ్లు నేమ్‌సర్వర్లు (ఆ రికార్డులుండే సర్వర్లు) మారిస్తే, మెయిల్ ఎక్కడికి చేరాలో చెప్పే ఎంఎక్స్ రికార్డులు పోయి, సైటు బాగానే ఉన్నా మెయిల్ ఆగిపోతుంది. మార్పుకు ఒకరోజు ముందు టీటీఎల్‌ను (మిగతా సర్వర్లు పాత రికార్డును గుర్తుంచుకునే సమయాన్ని) 300 సెకన్లకు తగ్గించాలి. పాత హోస్టింగ్‌ను మరో పది రోజులు తీయకుండా ఉంచాలి. ఆ పది రోజుల అద్దె ఎవరిదో ఒప్పందం రోజునే రాసుకోవాలి.

– ఒక ఫ్రీలాన్స్ వెబ్ డిజైనర్, కావలి