గుండును తక్కెడలో వేస్తున్నారు, కలెక్టర్ గారూ

శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

కళింగపట్నం దగ్గర మా బావ వలలో చేపలతోపాటు తుప్పుపట్టిన ఇనుప గొట్టం ఒకటి వచ్చింది. మూరెడు పొడవు, చుట్టూ పచ్చగా చిలుము పట్టిన కట్టు. పాత సామాన్ల కొట్టతను తూకం వేసి, ఆ కట్టు ఊడగొట్టడానికి సుత్తి ఎత్తాడు! నాకు చెమటలు పట్టాయి. పోలీసులొచ్చి పట్టుకెళ్లారు. అది పేలే ఫిరంగి గుండో, ఉత్త గొట్టమో ఇప్పటికీ మాకెవరూ చెప్పలేదు.

గుండయితే పేలడమొక్కటే కాదు టెన్షన్. లోపలి టీఎన్‌టీ అనే పేలుడు మందు నేలలోకి దిగితే నుయ్యి నీళ్లూ పాడవుతాయి. సైనిక గుండు ఎప్పుడు వ్యర్థం కింద లెక్కో అమెరికా 1997లోనే నియమం రాసుకుంది. పారేసినా, బాగుచేయలేనంత పాడైనా, కాల్పుల మైదానం దాటి పడినదాన్ని వెంటనే తీయకపోయినా వ్యర్థమే. మన దగ్గరా 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాలున్నాయి. అవి మా రేవు దాకా రావాలి కదండీ.

ఇలాంటిది దొరికితే ఎవరికి ఫోన్ చేయాలో ప్రతి రేవులో తెలుగులో బోర్డు పెట్టించండి. పాత ఇనుము కొట్లవాళ్లను పిలిచి గట్టిగా చెప్పండి. మా గొట్టం సంగతి కూడా తేల్చండి.

ఇట్లు,
ఒక మత్స్యకార కుటుంబీకుడు