పానిక్ బార్ ఏ తలుపుకు? మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అగ్నిమాపక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. వాణిజ్య భవనాలకు తలుపులు, తాళాలు బిగించడం నా పని. పానిక్ బార్ గురించి మీకు తెలిసే ఉంటుంది. తలుపుకు అడ్డంగా ఉండే కడ్డీ అది, నెడితే చాలు గడియ వదిలేస్తుంది. దాన్ని ఏ తలుపుకు పెట్టాలన్నది మాత్రం చాలాచోట్ల ఓనరు బడ్జెట్టే తేలుస్తోంది.

ఈమధ్య ఒక ఆడిటోరియానికి రిపేరుకు వెళ్లాను. ముందు తలుపులకు తళతళలాడే స్టీలు బార్లు. వెనక వైపు రెండు రెక్కల తలుపుకు ఒక రెక్కకే బార్, రెండో రెక్కకు నా చెయ్యి అందనంత పైన టవర్ బోల్ట్. పక్క తలుపుకూ బార్ ఉంది కానీ, దానికి చైన్ చుట్టి తాళం వేశారు. ఎందుకని అడిగితే "దొంగల భయం సార్" అన్నాడు గార్డు. ముందు తలుపు కార్యక్రమం నడిచినంతసేపూ తెరిచే ఉంటుంది. బార్‌తో అసలు పనిపడేది వెనక తలుపుకే.

1883లో ఇంగ్లాండులోని సండర్లాండ్‌లో ఒక హాల్లో 183 మంది పిల్లలు చనిపోయారు. అక్కడ మంటే లేదు. బహుమతుల కోసం మెట్లు దిగి పరుగెత్తారు. కింద తలుపు లోపలికి తెరుచుకునేది, పైగా ఒక్కరు పట్టేంత సందు వదిలి గడియ పెట్టేశారు. ఆ తర్వాతే, 1892లో, రాబర్ట్ బ్రిగ్స్ పానిక్ బోల్ట్‌కు, అంటే ఈ బార్ తొలి రూపానికి, పేటెంట్ తీసుకున్నాడు.

మరి ఎక్కడ పెట్టాలి? అమెరికాలో వాడే ఐబీసీ అనే భవన నిర్మాణ కోడ్ ప్రకారం జనం గుమిగూడే చోట్ల, బడుల్లో 50 మంది లేదా అంతకు మించి పట్టే గదుల తలుపులకు గడియ గానీ తాళం గానీ ఉంటే బార్ తప్పనిసరి. ఏ గడియా లేని తలుపుకు అక్కర్లేదు. ఇది చాలామంది మర్చిపోయి డబ్బులు తగలేస్తారు. ఆ 50 కూడా ఎంతమంది వచ్చారో లెక్కపెట్టి చెప్పేది కాదు, గది వైశాల్యాన్ని బట్టి వేసేది. 600 చదరపు అడుగుల గదిలో టేబుళ్లు, కుర్చీలు ఉంటే మనిషికి 15 అడుగుల చొప్పున 40 మంది. టేబుళ్లు తీసేసి విడి కుర్చీలు వేస్తే మనిషికి 7 అడుగులే, 85 మంది పడతారు. గది అదే, రూలు మారిపోయింది. అందుకే ఎక్కువ మంది పట్టే లెక్కే తీసుకోవాలని ఒక ఉత్తర్వు ఇవ్వండి.

ఎవరికీ తట్టని తలుపు ఇంకొకటుంది: ఎలక్ట్రికల్ గది. అక్కడ ఉండేది ఒకరో ఇద్దరో. కానీ ప్యానెల్ పేలితే కాలిన చేతులతో నాబ్ తిప్పడం ఎవరివల్లా కాదు, తుంటితో తోసుకుని బయటపడాలి. 800 ఆంపియర్లు, ఆపైన ఉండే పెద్ద ప్యానెళ్ల దగ్గర పనిచేసే చోటుకు 25 అడుగుల లోపున్న తలుపు బయటికే తెరుచుకోవాలని, దానికి బార్ ఉండాలని అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ చెబుతోంది. మనం మాత్రం ఆ గదికి బయట గొళ్లెం పెడుతున్నాం.

ఇంకో మాట. బార్ చివరి తలుపుకు పెట్టి ఊరుకుంటే కుదరదు. హాలు తలుపు, కారిడార్ తలుపు, మెట్ల తలుపు, ఆ దారిలో గడియ ఉన్న ప్రతిదానికీ ఉండాలి. మంట అవతలికి పాకకుండా ఆపే ఫైర్ డోర్‌కైతే ఫైర్ రేటింగ్ ఉన్న, అంటే మంటకు తట్టుకునే, బారే వాడాలి. మామూలు బార్‌ను నొక్కిన స్థితిలో లాక్ చేసి వదిలేయొచ్చు. ఫైర్ డోర్‌కు అలా చేస్తే గడియ పడదు, తలుపు మంటను ఆపదు.

తనిఖీ సంగతి కూడా చూడండి. ముందురోజు చెప్పి వస్తే ఆ చైన్ కనిపించదు. కార్యక్రమం జరుగుతున్న సాయంత్రం చెప్పకుండా వచ్చి, వెనక తలుపు బార్‌ను చేత్తో కాకుండా తుంటితో నెట్టి చూడమని మీ అధికారులకు చెప్పండి.

ఇట్లు,
తలుపులు బిగించే ఒక మేస్త్రి