ఏసీ గ్యాస్ సంగతీ చూడండి

సంపాదకునికి,

వాతావరణ మార్పు అనగానే బొగ్గు, పెట్రోలు గురించే మాట్లాడుకుంటాం. అది సబబే. కానీ మొన్న మా ఏసీ చల్లబడటం లేదని మెకానిక్‌ని పిలిస్తే, మిగిలిన కాస్త గ్యాస్‌నీ నట్టు వదులు చేసి బుస్సుమని గాలిలోకి వదిలేశాడు. లీకు ఎక్కడో చూడకుండానే కొత్తది నింపబోయాడు. చాలా ఏసీల్లో ఉండే ఆర్-410ఏ గ్యాస్ ఒక్క కిలో బయటికి పోతే, వందేళ్లలో భూమిని వేడెక్కించే లెక్కన 2,000 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే. అతన్ని తిట్టి లాభం లేదు. పాత గ్యాస్‌ను సిలిండర్‌లోకి పట్టే యంత్రం అతని దగ్గర లేదు, పట్టినా ఎవరికివ్వాలో తెలియదు.

ఈ రకం వాయువులను దశలవారీగా తగ్గించాలని 2016లో రువాండా రాజధాని కిగాలిలో దేశాలు ఒప్పుకున్నాయి. మంచిదే, కానీ ఇప్పటికే ఇళ్లలో ఉన్న గ్యాస్ మాటేమిటి? దాన్ని వెనక్కి తీసుకునే కేంద్రాలు, మెకానిక్‌లకు శిక్షణ, యంత్రాలు కొనడానికి సాయం ప్రభుత్వాలే చూడాలి. వాడేవాళ్లం మాత్రం ‘ముందు లీకు వెతుకు, తర్వాతే గ్యాస్’ అని పట్టుబట్టవచ్చు. నేను పట్టుబట్టాను. గొణుక్కుంటూనే గొట్టాల్లోకి నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నురగ రాసి చూశాడు. బయటి యూనిట్ జాయింట్ దగ్గర బుడగలు వచ్చాయి.

– ఒక పాఠకుడు