చేపనూనె మాత్రలు మనోవ్యాధికి చికిత్స కావు

సంపాదకులు గారికి,

నమస్కారం. తిరుపతిలో మందుల దుకాణాల అద్దాల మీద, కోచింగ్ సెంటర్లున్న వీధుల గోడల మీద, పొద్దున్నే దినపత్రికల మధ్య పెట్టి పంచే కరపత్రాల్లో ఈమధ్య చేపనూనె మాత్రల ప్రకటనలు ఎక్కువయ్యాయి. అవి వాడితే జ్ఞాపకశక్తి పెరుగుతుందని, పరీక్షల భయం పోతుందని, దిగులు తగ్గుతుందని రాస్తున్నారు. చేపలోని కొవ్వుకూ మానసిక ఆరోగ్యానికీ సంబంధం ఉందన్నది గాలికబురు కాదు. దానిపై పాతికేళ్లకు పైగా పరిశోధనలు జరుగుతున్నాయి. కానీ ఆ పరిశోధనలు తేల్చినదానికీ ఈ కరపత్రాలు చెప్పేదానికీ పొంతన లేదు. అందువల్ల నష్టపోతున్నది సకాలంలో వైద్యం అందవలసిన మన పిల్లలు కాబట్టి ఈ లేఖ రాయవలసి వచ్చింది.

నీటిని మినహాయిస్తే మన మెదడు బరువులో సగానికి పైగా కొవ్వే. నాడీకణాల పొరల్లో డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లం ముఖ్యమైన భాగం. దానితోపాటు చేపలో దొరికే ఈపీఏ అనే మరో ఒమేగా-3 కొవ్వు ఆమ్లం శరీరంలో ఇన్‌ఫ్లమేషన్‌ను (వాపు, మంట వంటి ప్రతిచర్యను) అదుపులో ఉంచే పదార్థాల తయారీకి ఉపయోగపడుతుంది. ఈ రెండింటినీ మన శరీరం సొంతంగా తయారుచేసుకునేది చాలా తక్కువ. చేపలు ఎక్కువగా తినే జపాన్ వంటి దేశాల్లో డిప్రెషన్ తక్కువగా నమోదవుతోందని 1998లో జోసెఫ్ హిబెల్న్ అనే అమెరికన్ మనోవైద్యుడు ‘లాన్సెట్’ అనే వైద్య పత్రికలో చూపించినప్పటి నుంచి ఈ విషయం మీద ఆశలు బాగా పెరిగాయి. అయితే ఒక దేశానికీ మరో దేశానికీ తేడా తిండిలో మాత్రమే ఉండదు. ఆదాయాలు వేరు, కుటుంబాలు వేరు, మనసు బాగాలేదని డాక్టరు దగ్గర నోరు విప్పి చెప్పుకునే అలవాటు కూడా వేరు. కొందరికి చేపనూనె, మరికొందరికి మందు లేని మాత్ర ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో వారికి తెలియనివ్వకుండా కొన్నేళ్లపాటు గమనిస్తే తప్ప నిజం తేలదు.

అలా జరిగిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2021లో వెలువడ్డాయి. అమెరికాలో 50 ఏళ్లు దాటిన 18,353 మందిని ఐదేళ్లకు పైగా గమనించారు. రోజుకు 1 గ్రాము ఒమేగా-3 వాడినవారిలో డిప్రెషన్ రావడం ఏమీ తగ్గలేదు. ఇప్పటికే డిప్రెషన్‌తో బాధపడుతున్నవారి సంగతి కొంత వేరు. ఈపీఏ వాటా ఎక్కువగా ఉన్న నూనెను మామూలు మందులకు తోడుగా ఇచ్చినప్పుడు కొంత ఉపశమనం కనిపించిందని కొన్ని చిన్న పరీక్షలు చెబుతున్నాయి. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ ఇలాంటి పరీక్షలను సమీక్షించి, ఆ మేలు స్వల్పమనీ, ఉన్న ఆధారాలు గట్టివి కావనీ 2021లోనే పేర్కొంది. గమనించవలసిన మాట ‘తోడుగా’ అన్నది. మందులు మానేసి ఈ నూనె తాగమని ఆ పరిశోధకులెవరూ చెప్పలేదు.

మా బంధువుల్లో ఇంటర్ చదివే ఒక అమ్మాయికి నిద్ర పట్టక, అన్నం సహించక, పుస్తకం ముందు కూర్చుని కన్నీళ్లు పెట్టుకుంటుంటే తల్లిదండ్రులు మనోవైద్యుడికి చూపించారు. మందులు పడుతుండగా ఒక దుకాణంలో, ఆ మాత్రలు అలవాటైపోతాయి, చేపనూనె చాలు అన్నారట. వీళ్లు నమ్మి మందులు ఆపేశారు. రెండు నెలల తర్వాత ఆ పిల్ల పరిస్థితి మొదటికన్నా దిగజారింది. ఇప్పుడు మళ్లీ వైద్యం అందుతోంది, కోలుకుంటోంది. వాళ్లు కొన్న చేపనూనె మాత్రల డబ్బా నేను చేతిలోకి తీసుకుని చదివాను. ముందువైపు పెద్ద అంకెల్లో 1000 మిల్లీగ్రాములని ఉంది. వెనుక చిన్న అక్షరాల్లో ఈపీఏ 180, డీహెచ్‌ఏ 120 అని ఉంది. అంటే వెయ్యిలో అసలు సరుకు మూడు వందలే. డిప్రెషన్ పరీక్షల్లో తరచుగా వాడిన 1 గ్రాము ఈపీఏ కావాలంటే ఇలాంటి మాత్రలు రోజుకు ఐదారు మింగాలి. మోతాదు అంతకంతకు పెంచితే కొందరిలో గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. రక్తం పలచబడే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా వీటి జోలికి పోకూడదు. అదే డబ్బా మీద, ఔషధంగా వాడటానికి కాదన్న హెచ్చరిక కూడా ఉంది. ఆహార భద్రతా నిబంధనల ప్రకారం అది తప్పనిసరి. డబ్బా మీద లేని గుణం కరపత్రంలోకి ఎలా వచ్చిందో అధికారులే విచారించాలి. మెదడు జబ్బులు నయం చేస్తామంటూ మందుల ప్రకటనలు ఇవ్వకూడదని 1954 నుంచే చట్టం ఉంది.

ఇక తిండి విషయానికి వస్తే, చేప మంచి ఆహారమన్నదానిలో సందేహం లేదు. 2022లో జిల్లాల విభజనతో తడ, వాకాడు వైపు తీరం కూడా మన తిరుపతి జిల్లాలో చేరింది. అయినా మన మార్కెట్లలో అందరి కళ్లూ వంజరం మీదే. ఒమేగా-3 దండిగా ఉండేది కవళ్లు, కానాగంతలు, నెత్తళ్ల వంటి చవక చేపల్లో. చెరువుల్లో పెంచే బొచ్చె, రాగండిలో మాంసకృత్తులు బాగానే ఉంటాయి గాని ఈ కొవ్వు తక్కువ. కవళ్లు తొందరగా పాడవుతాయి కాబట్టి తీరం నుంచి ఐస్‌లో పెట్టి ఆ పూటకు ఆ పూట తిరుపతి, చిత్తూరు మార్కెట్లకు చేర్చే ఏర్పాటును మత్స్యశాఖ చేస్తే, మాత్రలకు పోసే డబ్బుతో ఇంటిల్లిపాదికీ వారానికి రెండుసార్లు సంగటిలోకి పులుసు పెట్టుకోవచ్చు.

మన ఊళ్లో శాకాహార కుటుంబాలు చాలా ఉన్నాయి. చేప తినకపోవడం వల్లే పిల్లలకు దిగులు పట్టుకుందని ఆ తల్లులను భయపెట్టడం నాకు చాలా బాధ కలిగిస్తోంది. ఆ మాటకు ఆధారం లేదు. అవిసె గింజల్లో, అక్రోట్లలో ఒమేగా-3 మరో రూపంలో ఉంటుంది. అందులో కొద్ది భాగమే ఈపీఏ, డీహెచ్‌ఏలుగా మారుతుందన్నది నిజమే. వైద్యులు అవసరమనుకుంటే నాచు నుంచి తీసిన నూనె ఉంది. చేపలకు కూడా ఈ కొవ్వు మూలంలో అందేది ఆ నాచు నుంచే.

ఔషధ తనిఖీ అధికారులు ఈ ప్రకటనలపై చర్య తీసుకోవాలని కోరుతున్నాను. ఇలాంటి కరపత్రాలు పత్రికల మధ్య పెట్టి పంచవద్దని మీ ఏజెంట్లకు చెప్పవలసిందిగా మీకు మనవి. మానసిక సమస్యలకు 24 గంటలూ ఉచితంగా సలహా ఇచ్చే టెలీ మానస్ నంబరు 14416 చాలా ఇళ్లకు ఇంకా తెలియదు. తెలుగులోనూ మాట్లాడతారు. దానిని మీ జిల్లా పేజీలో రోజూ కనబడే చోట అచ్చువేయించగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
తిరుపతి.