ఇరుసు మీద జారే చక్రాలు, తప్పు గేర్‌బాక్స్, ఇవ్వనన్న వారంటీ

టెక్కలి,
శ్రీకాకుళం జిల్లా.

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,
హైదరాబాద్.

విషయం: 45 మి.మీ. గేజ్ (పట్టాల మధ్య దూరం) చక్రాల సెట్‌లోనూ గేర్‌బాక్స్‌లోనూ ఉన్న లోపాలు. సొంత డిజైన్ ఇంజిన్ అన్న కారణంతో వారంటీ నిరాకరించడం గురించి.

అయ్యా,

పెరట్లో నడపడానికి నేను కడుతున్న మోడల్ రైలు ఇంజిన్ కోసం మీ దగ్గర కొన్న చక్రాలు ఇరుసు మీద జారుతున్నాయి. గేర్‌బాక్స్ డబ్బా మీద రాసిన నిష్పత్తి ఒకటి, లోపల ఉన్నది ఇంకొకటి. ఈ రెండూ చెప్పి మార్చి ఇవ్వమని అడిగాను. "మీ ఇంజిన్ మా కిట్ కాదు, అసలు రైల్వేలో ఉన్న ఏ ఇంజిన్‌కీ నమూనా కాదు, ఫ్రీలాన్స్ మోడళ్లకు వారంటీ వర్తించదు" అని మీ సర్వీస్ విభాగం వాట్సాప్‌లో జవాబిచ్చింది. ఆ జవాబును నేను ఒప్పుకోను. ఫోన్‌లో మాట్లాడినవాళ్లు విషయం చివరిదాకా వినలేదు కాబట్టి అంతా కాగితం మీద పెడుతున్నాను.

నేను కొన్నవి 40 మి.మీ. వ్యాసం ఉన్న స్పోక్ చక్రాలు రెండు ఇరుసులవి, వాటి క్రాంక్ పిన్నులు (చక్రానికి రాడ్ తగిలించే పిన్నులు), చక్రాలను ఒకదానితో ఒకటి కలిపే కప్లింగ్ రాడ్లు, 12 వోల్టుల మోటార్ బిగించిన 1:50 గేర్‌బాక్స్. బిల్లు 6,850 రూపాయలు. మీ వెబ్‌సైట్‌లో ఈ సెట్ బొమ్మ కింద మూడు విషయాలు రాసి ఉన్నాయి. చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం 40 మి.మీ. రెండు వైపుల క్రాంకులు 90 డిగ్రీల తేడాతో బిగించి వస్తాయి. 12 వోల్టుల దగ్గర చక్రం నిమిషానికి 120 చుట్లు తిరుగుతుంది. ఈ మూడూ చూసే డబ్బు కట్టాను. మూడింటిలో ఏ ఒక్కటీ నిలబడలేదు.

ముందు చక్రాల సంగతి. పోత బాగుంది, ఆ మాట చెప్పాలి. స్పోకులు సన్నగా, శుభ్రంగా వచ్చాయి. ఇంత చక్కటి పోత మన దేశంలో దొరుకుతున్నందుకు డబ్బా విప్పగానే సంతోషపడ్డాను. కానీ వెర్నియర్ (సన్న కొలతలు తీసే పరికరం) పెట్టి చూస్తే వెనక ఇరుసు మీద లోపలి దూరం 39.9 మి.మీ. ఉంది, ముందు ఇరుసు మీద 38.6 మాత్రమే ఉంది. తిన్నటి పట్టా మీద ఈ తేడా తెలియదు. పాయింట్ల దగ్గరికి, అంటే బండి ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లే చోటికి వచ్చాక తెలుస్తుంది. అక్కడ పట్టా పక్కనే చక్రాన్ని దారి తప్పకుండా ఉంచే చెక్ రెయిల్ ఉంటుంది. చక్రాలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటే చక్రం వెనక ముఖం దాని పక్కగా జారిపోకుండా దాని మీదికి ఎక్కుతుంది. ముందు ఇరుసు ఎక్కిందంటే ఇంజిన్ పట్టా తప్పినట్టే. నా పెరట్లో జరిగింది అదే. పెట్టెలన్నీ హాయిగా దాటిన పాయింట్ల మీద ఇంజిన్ ఒక్కటే పడిపోతోంది.

దూరం తప్పడానికి కారణం ఇంకా పెద్ద లోపం. ఆ ముందు చక్రం ఇరుసు మీద బిగుతుగా లేదు. బొటనవేలితో గట్టిగా నెడితే పక్కకు జరుగుతోంది, మెలితిప్పితే ఇరుసును వదిలేసి తిరుగుతోంది. రాడ్లు లేని డీజిల్ ఇంజిన్‌కైతే దీనివల్ల పట్టా తప్పడం వరకే నష్టం. నాది కప్లింగ్ రాడ్లున్న ఆవిరి ఇంజిన్ ఆకారం. దాంట్లో ఎడమ క్రాంక్ పైన ఉన్నప్పుడు కుడి క్రాంక్ సరిగ్గా ముందుకో వెనక్కో ఉండాలి. ఒక వైపు రాడ్ నెట్టలేని స్థానానికి వచ్చినప్పుడు రెండో వైపు రాడ్ పని చేస్తుంది కాబట్టే చక్రాలు ఆగకుండా తిరుగుతాయి. ఒక చక్రం ఇరుసు మీద కొన్ని డిగ్రీలు జారినా ఎడమ రాడ్ చెప్పేదొకటి, కుడి రాడ్ చెప్పేదొకటి అవుతుంది. రెండూ బిగుసుకుపోతాయి. బిగుసుకున్న చక్రాలను తిప్పడానికి మోటార్ పెనుగులాడుతుంది, తిరగలేని మోటార్ విపరీతంగా కరెంట్ లాగుతుంది. ఆ కరెంట్‌కు, రిమోట్‌తో ఇంజిన్‌ను నడిపే నా రేడియో కంట్రోలర్ కాలిపోయింది. దాని ఖరీదు 2,400 రూపాయలు. మా ప్రాంతంలో సముద్రపు గాలికి పట్టాలు త్వరగా మకిలి పడతాయి, వానాకాలమంతా తడి ఆకులు, దాంతో పట్టా గుండా కరెంట్ ఇచ్చే పద్ధతి ఇక్కడ సాగదు. అందుకే బ్యాటరీ, రేడియో కంట్రోలర్ ఇంజిన్ లోపలే పెడతాను. కాలిన వాసన వచ్చేసరికి క్యాబ్ లోపలి పెయింట్ కూడా పొంగిపోయింది.

"కొంచెం ఫెవిక్విక్ వేసుకోండి సార్" అని మీ మనిషి సలహా ఇచ్చారు. చక్రాన్ని అతికించడం నాకు చేతకాక అడగలేదు. నేను ఐటీఐలో ఫిట్టర్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. జిగ్ (కోణం కుదిర్చి పట్టి ఉంచే సాధనం) లేకుండా, కంటి అంచనాతో 90 డిగ్రీలు పెట్టి జిగురు పోస్తే ఆ తప్పు శాశ్వతంగా అంటుకుపోతుంది. ఒత్తి బిగించి అమ్మిన భాగం ఒత్తి బిగించినట్టే ఉండాలి. ఇరుసు సన్నగా వచ్చిందో, చక్రం కన్నం పెద్దదైందో మీ వర్క్‌షాప్‌లో కన్నం కొలిచే ప్లగ్ గేజ్ ఒకటి పెట్టి చూస్తే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇక గేర్‌బాక్స్. దీనికి పరికరాలు కూడా అక్కర్లేదు. మోటార్ వెనక పొడుచుకొచ్చిన షాఫ్ట్‌ను చేత్తో తిప్పి, చక్రం మీద చిన్న తెల్ల చుక్క పెట్టి చూశాను. 1:50 అయితే మోటార్ 50 చుట్లు తిరిగితే గానీ చక్రం ఒక చుట్టు తిరగకూడదు. ఇక్కడ 12 చుట్లకే తిరిగింది. మీ మోటార్ వేగం నిమిషానికి 6,000 చుట్లు అని మీరే రాశారు. 50 తో భాగిస్తే 120, 12 తో భాగిస్తే 500. ఇదీ తేడా.

నా మోడల్ స్కేలు 1:17, అంటే అసలు బండిలో పదిహేడో వంతు. 40 మి.మీ. చక్రం 120 చుట్లు తిరిగితే అది స్కేలు లెక్కలో గంటకు దాదాపు 15 కిలోమీటర్లు. కొండ పక్కన మెల్లగా మలుపు తిరిగే నేరో గేజ్ బండికి తగిన నడక అది. 500 చుట్లు తిరిగితే గంటకు 64 కిలోమీటర్లు. నేరో గేజ్ బండి అలా పరిగెత్తితే చూడ్డానికే బాగోదు. అది సరే, కంట్రోలర్ తగ్గించి నడుపుకోవచ్చు కదా అని మీవాళ్లు అన్నారు. వేగం తగ్గుతుంది గానీ, పోయిన బలం తిరిగి రాదు. అదే మోటార్‌కు ఈ గేర్లు పెడితే చక్రం దగ్గర లాగే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. బావి గట్టు పక్కన ఉన్న చిన్న ఎత్తు మీద మూడు పెట్టెలతో ఇంజిన్ నిలబడిపోతోంది.

ఇప్పుడు మీరు వారంటీ ఎగ్గొట్టడానికి చూపిన కారణానికి వస్తాను. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే.

నౌపడ నుంచి పర్లాకిమిడి వెళ్లే రెండున్నర అడుగుల గేజ్ లైను మా టెక్కలి మీదుగానే నడిచేది. పర్లాకిమిడి మహారాజు పూనుకుని వేయించిన లైను అది, 1900లో మొదలైంది. 1931 నాటికి గుణుపూర్ దాకా సాగింది. 2004లో ఆ చిన్న బండి ఆగిపోయింది, లైనును బ్రాడ్‌గేజ్‌గా మార్చారు. ఇప్పుడు పెద్ద రైళ్లు తిరుగుతున్నాయి, ఊళ్లకు మేలే జరిగింది. కానీ ఆ పాత బండి ఎక్కి బడికి వెళ్లిన తరం మాది. ఆ లైను మీద నిజంగా నడిచిన ఇంజిన్లను నేను కట్టడం లేదు. ఆ రైల్వేవాళ్లు ఇంకొక చిన్న ట్యాంక్ ఇంజిన్ కూడా కొని ఉంటే అది ఎలా ఉండేదో, అది కడుతున్నాను.

ఇలా కట్టడంలో ఇష్టం వచ్చినట్టు అతికించడానికి ఏమీ లేదు. రెండున్నర అడుగులంటే 762 మి.మీ. 17 తో భాగిస్తే 44.8 వస్తుంది, అంటే 45 మి.మీ. పట్టాకు సరిపోతుంది. స్కేలు 1:17 అని తేల్చింది ఆ లెక్కే. అయిదడుగుల ఏడంగుళాల మనిషి ఆ లెక్కలో సరిగ్గా 10 సెంటీమీటర్లు. ఆ మనిషి క్యాబ్‌లో నిటారుగా నిలబడాలి, ముందు కిటికీలోంచి బాయిలర్ పక్కగా పట్టా చూడగలగాలి, బొగ్గు పార తిప్పడానికి ఫైర్‌మన్‌కు వెనక చోటు ఉండాలి. నీళ్ల ట్యాంకు మూత వాళ్ల చేతికి అందాలి. బాయిలర్‌కు 63 మి.మీ. పీవీసీ పైపు, క్యాబ్‌కు 2 మి.మీ. ఏబీఎస్ ప్లాస్టిక్ షీటు, బఫర్ బీమ్‌కు (ఇంజిన్ చివర ఉండే అడ్డదూలం) టేకు చెక్క వాడాను. పొగగొట్టం, డోమ్ అల్యూమినియం కడ్డీలోంచి లేత్ మీద తీశాను. ఏ డ్రాయింగూ లేని ఇంజిన్‌కు ప్రతి కొలతకూ ఒక కారణం నేనే వెతకాలి. ఉన్న ఇంజిన్‌ను చూసి కట్టడం కన్నా దీనికే ఎక్కువ ఆలోచన పడుతుంది.

పైన నేను కట్టిన బాడీకి మీరు బాధ్యులు కారు. క్యాబ్ వంకరగా వస్తే, రంగు ఊడితే మిమ్మల్ని అడగను. నేను అడుగుతున్నది మీరు కట్టిన చక్రం గురించి. 45 మి.మీ. పట్టా మీద 1:32 స్కేలులో స్టాండర్డ్ గేజ్ (1,435 మి.మీ.) బళ్లు నడుస్తాయి. 1:22.5 లో మీటర్ గేజ్ బళ్లు నడుస్తాయి. జర్మనీలో 1968లో వచ్చిన ఎల్‌జీబీ కంపెనీ మోడల్ బళ్లు ఆ రకమే. 1:20.3 లో మూడడుగుల గేజ్ బళ్లూ దాని మీదే నడుస్తాయి. నమూనా బళ్లయినా, సొంత ఊహలో పుట్టిన బళ్లయినా కింద పట్టా ఒకటే. పైన ఏ బాడీ ఉందో చక్రానికి తెలియదు. అమెరికాలో 1935లో ఎన్ఎంఆర్ఏ (మోడల్ రైళ్లు కట్టేవాళ్ల జాతీయ సంఘం) ఏర్పడినప్పుడు ముందు చేతికెత్తుకున్న పని కూడా ఇదే. ఒక కంపెనీ చక్రం ఇంకో కంపెనీ పట్టా మీద నడవని రోజులవి. ఎవరు తయారు చేసినా చక్రం, పట్టా ఒకే ప్రమాణానికి రావాలని వాళ్లు పట్టుబట్టారు. మీరు వెబ్‌సైట్‌లో 40 మి.మీ. అని రాశారంటే ఆ ప్రమాణానికి మాట ఇచ్చినట్టే.

ఇంకొక్క విషయం. మీ కిట్ కొన్నవాళ్లకు చక్రాలు, గేర్‌బాక్స్ కిట్‌లోనే వస్తాయి. ఈ భాగాలను విడిగా కొనేది సొంతంగా కట్టుకునేవాళ్లే. అలాంటప్పుడు సొంతంగా కట్టుకున్నవాళ్లకు వారంటీ లేదంటే ఈ సెట్ కొన్న ఎవరికీ వారంటీ లేనట్టే. కానీ మీ వారంటీ కార్డులో "తయారీ లోపాలకు 6 నెలలు" అని ఉంది. ఫ్రీలాన్స్ మోడళ్లకు వర్తించదన్న షరతు కార్డులో లేదు, బిల్లులో లేదు, వెబ్‌సైట్‌లోనూ లేదు. డబ్బు తీసుకున్నాక వాట్సాప్‌లో పుట్టిన షరతు అది.

"బొమ్మ రైలుకు ఇన్ని కొలతలెందుకు సార్" అని మీ సిబ్బంది ఒకరు అన్నారు. ఆ మాట అన్న అబ్బాయి మీద నాకు కోపం లేదు, అతని మీద చర్య తీసుకోమని అడగడం లేదు. అతనికి మీ సరుకు ఏ పనికి వాడతారో నేర్పించండి. మా వీధి పిల్లలు నా దగ్గర వెర్నియర్ చదవడం నేర్చుకుంటున్నది ఈ ఇంజిన్ మీదే.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం అమ్మేవాళ్లు చెప్పిన ప్రమాణానికి వస్తువు తగ్గితే అది లోపమే. ఆన్‌లైన్ అమ్మకాలకు 2020లో వచ్చిన నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు మీ గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. నాకు ఆ అధికారి నుంచి ఒక్క అక్షరం రాలేదు.

నేను కోరేది ఎక్కువేమీ కాదు. రెండు ఇరుసుల చక్రాలూ 40 మి.మీ. దూరంతో, 90 డిగ్రీల క్రాంకులతో, పంపేముందు కొలిచి, ఆ కొలతలు కాగితం మీద రాసి పంపండి. 1:50 గేర్‌బాక్స్ పంపండి. కాలిపోయిన కంట్రోలర్ ఖరీదు 2,400 రూపాయలు, రెండు వైపుల కొరియర్ ఖర్చు ఇవ్వండి. సొంత డిజైన్ మోడళ్లలో వాడిన మీ భాగాలకు కూడా వారంటీ ఉంటుందని నాకు లిఖితపూర్వకంగా తెలియజేసి, అదే మాట మీ వెబ్‌సైట్‌లో పెట్టండి. ఈ చివరిది నా ఒక్కడి కోసం అడగడం లేదు. ఇవే చక్రాలు కొని, జారుతుంటే తమ పనితనంలోనే తప్పుందనుకుని ఇంజిన్‌ను అటక మీద పెట్టేసిన కుర్రాళ్లు ఉండే ఉంటారు. వాళ్లకు కూడా మార్చి ఇవ్వాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరులో ఫిర్యాదు నమోదు చేసి, శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. కొనుగోలుదారు నివసించే చోటే కేసు వేసుకునే వీలు ఆ చట్టంలోనే ఉంది కాబట్టి నేను హైదరాబాద్ రావలసిన పని లేదు.

జారుతున్న చక్రాల సెట్‌నూ గేర్‌బాక్స్‌నూ ఇంజిన్ నుంచి తీసి, లోపల విప్పకుండా, వచ్చిన డబ్బాలోనే మళ్లీ పెట్టి ఉంచాను. కొరియర్ మనిషిని ఉదయం పది తర్వాత ఎప్పుడు పంపినా అప్పగిస్తాను. వెర్నియర్ కొలతల ఫోటోలు, షాఫ్ట్ చుట్ల వీడియో ఉన్న పెన్‌డ్రైవ్, బిల్లు, వారంటీ కార్డు, వాట్సాప్ జవాబుల నకళ్లు ఈ లేఖకు జతచేశాను.

ఇట్లు,
మీ కస్టమర్,
టెక్కలి.