మా వరదను బతికించిన మీ అందరికీ

విజయవాడ సింగ్ నగర్‌లో మా వీధి వాళ్ళకూ, గన్నవరం కాలేజీ అమ్మాయికీ, పశువుల ఆసుపత్రి డాక్టరు గారికీ చేతులెత్తి నమస్కారం. ఒక్కొక్కరి ఇంటికీ వచ్చి చెప్పాలనే ఉంది. ఇంట్లో కడుపుతో ఉన్న కూతుర్ని ఒంటరిగా వదిలి ఎక్కువసేపు బయట ఉండలేకపోతున్నాను. అందుకని ఇలా రాస్తున్నాను.

వరద అంటే మా పిల్లి. వీధి పిల్లే, మేం తెచ్చి పెంచుకున్నది కాదు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి మన ఇళ్ళ మీదికి వచ్చినప్పుడు ఎలా చేరిందో ఏమో, మా మొదటి అంతస్తు సన్‌షేడ్ మీద తడిసి ముద్దయి కూర్చుంది. అప్పటికి గుప్పెడంత పిల్ల. పడవలో ఏ పొట్లం వస్తే అందులోంచే దానికీ ఒక ముద్ద పెట్టాం. నీళ్ళు తీశాక వెళ్ళిపోతుందనుకున్నాం, వెళ్ళలేదు. పగలంతా వీధిలో తిరిగి రాత్రికి మా మెట్ల కింద పడుకుంటుంది. ఒడిలోకి రాదు, పట్టుకోనివ్వదు. నేను బియ్యం ఏరుతూ కూర్చుంటే మాత్రం వచ్చి నా మోకాలికి తల రుద్దుతుంది.

ఈ మధ్య బాగా చిక్కిపోయింది. చేయి వేస్తే వెన్నెముక తగులుతోంది. తోక మొదట్లో బొచ్చు ఊడి, గోకి గోకి చర్మం ఎర్రబడింది. ఒకరోజు పొద్దున అది పడుకునే పాత చీర దులుపుదామని తీస్తే నాలుగైదు మెతుకులు కనబడ్డాయి. రాత్రి పెట్టిన పెరుగన్నం అంటుకుందేమో అనుకుని తీయబోయాను. ఒక మెతుకు సాగింది, మళ్ళీ ముడుచుకుంది. ఒళ్ళు జలదరించింది. అది తోక ఎత్తినప్పుడు చూస్తే అక్కడా అవే. కొన్ని ఎండిపోయి నువ్వుగింజల్లా అతుక్కుని ఉన్నాయి.

అంతకు వారం ముందే మా అమ్మాయిని పురిటికి తీసుకొచ్చాం. ఏడో నెల. పిల్లికి పురుగులున్నాయని తెలియగానే చూడవచ్చిన చుట్టాలు తలా ఒక మాట అన్నారు. గోనెసంచిలో కట్టి కనకదుర్గమ్మ వారధి దాటించి వదిలెయ్యమన్నారు ఒకరు. వాళ్ళ భయం నాకు అర్థమైంది, ఆ రోజు నాకూ అదే భయం. కానీ అంత వరదలో మా గుమ్మం వెతుక్కుంటూ వచ్చిన ప్రాణాన్ని సంచిలో కట్టడానికి చేతులు రాలేదు.

పక్క బిల్డింగ్ పై పోర్షన్‌లో ఉండే అమ్మాయి గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదువుతోంది. అడిగిన పది నిమిషాల్లో కిందికి వచ్చింది. పేలదువ్వెన, తడిపిన తెల్లటి దూది అడిగింది. వరద అన్నం తింటుండగా మెల్లగా వీపు మీద దువ్వి, దువ్వెనకు వచ్చిన నల్లటి నలుసుల్ని దూది మీద దులిపింది. కాసేపటికి ఒక్కో నలుసు చుట్టూ ఎర్రగా పాకింది. "ఇది మట్టి కాదు ఆంటీ. దాని ఒంటి మీద పురుగులు తాగి విసర్జించిన రక్తం" అంది. మనం పేలు అనేస్తాం గానీ అవి పేలు కావట, ఫ్లీలట, ఎగిరి దూకుతాయి. ఆ మెతుకుల్లాంటివి పేగుల్లో ఉండే బద్దెపురుగు ముక్కలు. ఫ్లీ కడుపులో బద్దెపురుగు పిల్ల ఉంటుంది, పిల్లి ఒళ్ళు నాక్కుంటూ ఫ్లీని మింగేస్తుంది, లోపల పురుగు పెరుగుతుంది. కాబట్టి కడుపులో పురుగుకు మాత్ర వేసి ఒంటి మీద వాటిని వదిలేస్తే కొన్నాళ్ళకే మళ్ళీ మొదటికి వస్తుందట.

ఆ అమ్మాయికి ఇంకో రుణం ఉంది. అంతకుముందు రోజే నేను ఒక షాపులో ఒంటి మీద వేసే చుక్కల మందు కొన్నాను. కుక్కకైనా పిల్లికైనా ఒకటే అన్నారు. డబ్బా మీద పెర్మెత్రిన్ అనే మందు పేరు చూసి ఆ అమ్మాయి నా చేతిలోంచి లాగేసుకుంది. కుక్కలు తట్టుకుంటాయి గానీ పిల్లి కాలేయం దాన్ని అరిగించి బయటికి పంపలేదు. వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం పోతుందట. ఆ సాయంత్రమే వేద్దామనుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. పిల్లులున్న వాళ్ళు డబ్బా మీద పిల్లులకు అని రాసి ఉందో లేదో చూడకుండా ఏదీ వేయకండి, మీకు దండం పెడతాను.

ఇక పట్టుకోవడం. రెండు రోజులు దొరకలేదు. వెనకింటి అత్తయ్య తన కోళ్ళ గంప ఇచ్చి, ఎలా మూయాలో కూడా తానే వచ్చి చూపించింది. చేపలమ్మే అక్క నాలుగు పరిగెలు ఊరికే ఇచ్చింది. ఉప్పూకారం లేకుండా ఉడకబెట్టి, ముళ్ళు తీసి పెడితే ఆ వాసనకు వచ్చింది. గంప కింద అట్ట దూర్చి, తాడు కట్టి, పైన తడిగుడ్డ కప్పాం. బరువును బట్టి మాత్ర అని ఆ అమ్మాయి చెప్పడంతో కిరాణా షాపు అన్నయ్య తన కాటా మీద గంపతో సహా తూచి, వచ్చాక ఖాళీ గంప మళ్ళీ తూచాడు. 2 కిలోల 700 గ్రాములు. ఆటో తమ్ముడు పిల్లి బెదురుతుందని పాటలు ఆపేసి, దారంతా హారన్ కొట్టకుండా నడిపాడు.

డాక్టరు గారూ, మీ దగ్గర ఆ పొద్దున గేదెలూ మేకలూ వరసలో ఉన్నాయి. అయినా వీధి పిల్లే కదా అని ఒక్క మాట అనలేదు. ప్రాజిక్వాంటెల్, పైరాంటెల్ కలిసిన పురుగుల మాత్ర నోరు తెరిచి గొంతు దాకా వేసి, అది మింగేదాకా మెడ నిమిరారు. ఫ్లీలు చావడానికి పిల్లులకని ఉన్న ఫిప్రోనిల్ చుక్కలు, నాలుక అందకుండా మెడ వెనక బొచ్చు పాయ తీసి చర్మం మీద వేశారు. నేను అడగకముందే మా అమ్మాయి సంగతి చెప్పారు. ఈ బద్దెపురుగు పిల్లిని ముట్టుకుంటే రాదు, ఫ్లీ నోట్లోకి పోతేనే వస్తుంది. కడుపుతో ఉన్నవాళ్ళు జాగ్రత్త పడాల్సింది పిల్లి మలంలో ఉండగల టాక్సోప్లాస్మా అనే క్రిమి గురించి. పిల్లి మలాన్ని అమ్మాయి చేత తీయించకూడదు. వేరేవాళ్ళు ఏ రోజుది ఆ రోజే తీసేయాలి, ఎందుకంటే అందులో ఒకవేళ ఆ క్రిమి ఉన్నా అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. మాంసం బాగా ఉడికించాలి, మట్టి అంటిన కూరగాయలు బాగా కడగాలి. మీరు ఇంత విడమరిచి చెప్పాకే మా అమ్మాయి ఆ రాత్రి నిద్రపోయింది.

ఫినాయిల్ సంగతీ మీరు చెప్పేదాకా నాకు తెలియదు. ఫినాయిల్ వేసి తుడిచిన నేల మీద పిల్లి నడిచి కాళ్ళు నాక్కుంటే విషమే. ఇప్పుడు మెట్ల కింద సబ్బునీళ్ళతో కడుగుతున్నాను. చీరను మరిగే నీళ్ళలో ఉతికి ఎండలో వేస్తున్నాను. ఫ్లీ గుడ్లు పిల్లి ఒంటి మీద ఆగవట, పడుకున్నచోటల్లా రాలిపోతాయట.

మాత్ర వేశాక పురుగులు బయటికి రాలేదని రెండు రోజులు దిగులుపడ్డాను. గన్నవరం అమ్మాయే చెప్పింది, చచ్చిన బద్దెపురుగు లోపలే అరిగిపోతుంది, కనబడకపోవడమే మామూలు అని. పది రోజులైంది. చీర మీద ఒక్క మెతుకు లేదు. తోక మొదట్లో పట్టుకుచ్చులా కొత్త బొచ్చు వస్తోంది. నిన్న బియ్యం ఏరుతుంటే వచ్చి మోకాలికి తల రుద్దింది.

అత్తయ్యా, గంప కడిగి ఎండబెట్టాను గానీ ఇంకొన్నాళ్ళు నా దగ్గరే ఉంచుకుంటాను. మూడు వారాలకు రెండో మాత్ర వేయాలన్నారు. అక్కా, ఆ రోజుకు పరిగెలు కావాలి, ఈసారి మాత్రం డబ్బులు తీసుకోవాలి.